మూలన రేడార్, ఎదుట లోకం

2015లో వచ్చిన ‘ది విచర్ 3’ అనే వీడియో గేమ్‌లో వెలెన్ అనే ప్రాంతం ఉంది. యుద్ధం తొక్కిపోయిన చిత్తడి నేల. గాలి లేస్తే చెట్లు విరిగిపడతాయేమో అన్నట్టు ఊగుతాయి. పొద్దు గూకేవేళ నీటిగుంటల మీద ఎరుపు పరుచుకుంటుంది. ఒకచోట పెద్ద చెట్టుకి ఉరితీసిన శవాలు వేలాడుతుంటాయి. ఆ నేలని అలా తీర్చిదిద్దడానికి కళాకారులకి ఏళ్లు పట్టింది. ఆటగాడు మాత్రం కథానాయకుడు గెరాల్ట్‌ని గుర్రమెక్కించి, స్క్రీన్ కుడివైపు పైమూల ఉన్న గుండ్రటి మినీమ్యాప్‌లోని చుక్కల గీతని చూస్తూ పోతాడు. గీత ఎడమకి వంగితే గుర్రమూ ఎడమకే. చేరాల్సిన చోటు చేరాక ‘ఏ దారిన వచ్చావు, దారిలో ఏం కనిపించింది’ అని అడిగితే నోట మాట రాదు. ఫోన్‌లో నీలిగీత పట్టుకుని తెలియని ఊళ్లో ఫంక్షన్ హాలు వెతుక్కుంటూ వెళ్లినవాడి సంగతీ ఇంతే. చేరడం చేరతాడు కానీ, మరుసటి ఏడు అదే హాలుకి వెళ్లాలన్నా మళ్లీ ఫోన్ తీయాల్సిందే.

ఇష్టమొచ్చిన దిక్కుకి తిరగనిచ్చే ఇలాంటి ఓపెన్ వరల్డ్ ఆటలు అమ్మేది లోకాన్ని. ప్రకటనల్లో కనిపించేవి కొండలు, నగరాలు, సూర్యాస్తమయాలు. ఆడేటప్పుడు ఎక్కువసేపు చూసేది అరచేతి వెడల్పు కూడా లేని ఓ మూలని. ఈ జబ్బుకి ఆటగాళ్లు ఎప్పుడూ చెప్పే మందు ఒకటుంది: స్క్రీన్ మీదవన్నీ తీసేయండి, లీనమైపోతాం. మందు సగమే పనిచేస్తుంది. స్క్రీన్ మీద ఎన్ని బొమ్మలున్నాయన్నదాని కంటే, వెతికే పని ఎవరు చేస్తున్నారన్నది పెద్ద ప్రశ్న. ఆ పని ఆటగాడిదైతే పక్కన నాలుగు గుర్తులున్నా లోకం నిలబడుతుంది. గీతదైతే స్క్రీన్ ఎంత శుభ్రంగా ఉన్నా లోకం వాల్‌పేపర్ అయిపోతుంది.

స్క్రీన్ మీది ఈ సరంజామాకి ఆటల భాషలో హెచ్‌యూడీ అని పేరు, విడమరిస్తే హెడ్స్-అప్ డిస్‌ప్లే. యుద్ధవిమానాల నుంచి వచ్చిన మాట ఇది. పైలట్ తల దించి మీటర్లు చూసుకునేలోపు ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, వేగం, ఎత్తు లాంటి అంకెల్ని అతని ఎదుట గాజుపలక మీదికి, ఆకాశం మీద తేలుతున్నట్టుగా తెచ్చారు. చూపు ముందునుంచి కదలకూడదన్నదే దాని పరమార్థం. ఆటల్లోకి వచ్చేసరికి పేరు మిగిలింది, పని తలకిందులైంది. కార్ల ఛేజింగుల ఆట జీటీఏలో ఉండే తరహా రేడార్, అంటే మూలనుండే చిన్న మ్యాప్, చూపుని ముందునుంచి మూలకి లాగుతుంది.

చూపు మూలకి వెళ్తే పోయేది ఎంత? కంటికి స్పష్టంగా కనిపించే మేర చాలా చిన్నది, సుమారు 2 డిగ్రీలు. చెయ్యి బారుగా చాపి బొటనవేలు చూస్తే దాని వెడల్పంత. మిగతాదంతా మసకే, మెదడు పూరించుకుంటుంది. అంటే మినీమ్యాప్ చూస్తున్నంతసేపూ వెలెన్ సూర్యాస్తమయం నిజంగానే కనిపించదు, ఎర్రటి మసకగా పక్కన ఉంటుందంతే. ఇందులో ఆటగాడి బద్ధకం పాలు తక్కువ, కంటి నిర్మాణం పాలు ఎక్కువ.

2009లో స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఫాగర్‌హోల్ట్, మాగ్నస్ లోరెంట్జన్ అనే ఇద్దరు విద్యార్థులు ఈ విషయం మీదే పరిశోధనాపత్రం రాశారు. స్క్రీన్ మీద కనిపించే సమాచారాన్ని వాళ్లు నాలుగు రకాలుగా విడదీశారు. ఇవాళ ఆటల డిజైన్ గురించి మాట్లాడేవాళ్ల నోట తరచు వినిపించే ‘డైజెటిక్’ అన్న మాట ఆ పత్రంతోనే బాగా పాకింది. సినిమా తెలిసినవాళ్లకి ఇది సులువు. హీరోయిన్ వంటింట్లో రేడియో పెట్టుకుని వినే పాట కథలో భాగం, అది డైజెటిక్. హీరో నడిచొస్తుంటే వెనక మోగే సంగీతం ప్రేక్షకుడికే వినిపిస్తుంది, అది కాదు. అలాగే పాత్ర మణికట్టున ఉన్న గడియారంలో టైమ్ చూడటం ఒకటి, స్క్రీన్ మూల అంకెలు కనబడటం ఒకటి. కాలక్రమంలో ఈ వర్గీకరణ కాస్తా తీర్పు అయిపోయింది. డైజెటిక్ అయితే మంచిది, కాకపోతే చెడ్డది.

ఈ తీర్పు నిలవదు. 2007లో మొదలైన ‘అసాసిన్స్ క్రీడ్’ మొత్తం స్క్రీన్‌కి ఓ సాకు చూపించింది. ఆటగాడు చూస్తున్నది ఆనిమస్ అనే యంత్రం చూపిస్తున్న పూర్వీకుడి జ్ఞాపకాలనీ, మీటర్లు, గుర్తులు ఆ యంత్రానివేననీ. లెక్క ప్రకారం అంతా కథలో భాగమే. అదే వరసలో 2014లో వచ్చిన ‘యూనిటీ’లో ప్యారిస్ మ్యాప్ తెరిస్తే మాత్రం పెట్టెల గుర్తుల కింద వీధులు కనిపించవు. ‘సైబర్‌పంక్ 2077’ కూడా అంతే: కంట్లో అమర్చిన పరికరం కాబట్టి స్క్రీన్ మీద గీతలుంటాయంటుంది. సాకు తెలివైనదే, కానీ కంటికి సాకు అక్కర్లేదు. ‘ఫాలౌట్ 3’లో చేతికున్న పిప్-బాయ్ అనే పరికరం అందంగా ఉంటుంది, అయితే దాన్ని ఎత్తగానే లోకం ఊపిరి బిగబట్టి ఆగిపోతుంది. ఇటు జెల్డా ఆటల్లో ఎంత ప్రాణం మిగిలిందో చూపిస్తూ పైమూల వరసగా ఉండే ఎర్ర గుండెకాయలు కథలో ఏ రకంగానూ భాగం కావు. వాటివల్ల మాయ చెదిరిందని ఎవరూ అనరు. దెబ్బ తగిలినప్పుడే అటు చూపు వెళ్తుంది, మిగతా సమయమంతా అవి ఉన్నట్టే తెలియదు.

ఎమిలీ బ్రౌన్, పాల్ కెయిర్న్స్ 2004లో ఆటగాళ్లతో మాట్లాడి ఓ పరిశీలన వెలువరించారు. లీనమవడానికి మూడు మెట్లున్నాయి, ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో అడ్డంకి ఉంది అన్నది దాని సారం. అందులో ఎక్కువమంది పట్టించుకోని ముక్క ఒకటుంది: అడ్డంకి తీసేస్తే వీలు కలుగుతుందే తప్ప అనుభవం దానంతటదే రాదు. హెచ్‌యూడీ ఆపేసి చూసినవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

వెతికే పని చేతులు మారిన క్షణాన్ని పట్టుకోవాలంటే బెథెస్డా అనే ఆటల కంపెనీ వాళ్ల రెండు ఆటలు పక్కపక్కన పెట్టి చూడాలి. 2002 నాటి ‘మారోవిండ్’లో ఓడ దిగగానే ఓ మూట చేతిలో పెట్టి, దాన్ని బాల్మోరాలో ఉన్న కేయస్ కొసాడెస్‌కి ఇవ్వమంటారు. అతనెక్కడ ఉంటాడో మ్యాప్ మీద గుర్తు రాదు. సౌత్ వాల్ అనే సారాయంగడికి వెళ్లి అడగాలి. బాల్మోరా చేరడానికి సిల్ట్ స్ట్రైడర్ అనే గుడిసంత పురుగెక్కి వెళ్లొచ్చు, నడిచీ వెళ్లొచ్చు. ఊరు చేరాక నది ఏ పక్కనుందో చూసుకోవాలి, అంగడి పేరున్న బోర్డు చదవాలి, లోపల ఉన్నవాళ్లని పలకరించాలి. కేయస్ ఇల్లు దొరికేసరికి ఊరు సగం తెలిసిపోతుంది. ‘రావిచెట్టు దాటాక ఎడమకి తిరిగి ఎవరినడిగినా చెబుతారు’ అనే తరహా దారి ఇది. అలాంటి దార్లకుండే లోపమూ దీనికుంది. కొన్నిచోట్ల తూర్పని రాసినచోట వెళ్తే గుహ మరోవైపు ఉంటుంది. రాత్రంతా వెతికి తిట్టుకున్నవాళ్లే ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని మురిపెంగా తలుచుకోవడం వేరే సంగతి.

2006 నాటి ‘అబ్లివియన్’ మొదలు కూడా దాదాపు ఇదే. చక్రవర్తి చనిపోతూ ఓ పతకం చేతిలో పెట్టి జాఫ్రేకి అందించమంటాడు. మురుగుకాలువలోంచి బయటికొచ్చి, ఎదుట సరస్సుని, ఎండని మొదటిసారి చూసే అద్భుతమైన క్షణం అది. సరిగ్గా అప్పుడే కింద ఉన్న కంపాస్‌లో బాణం గుర్తు వెలుగుతుంది. ఇక జాఫ్రే ఉన్న మఠం పేరు కూడా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

దీన్ని ‘ఆటలు సులువైపోయాయి’ అన్న పాత సణుగుడులో కలిపేయడం అన్యాయం. మార్పుకి గట్టి కారణాలున్నాయి. మారోవిండ్‌లో సంభాషణలు చాలావరకు అక్షరాలే, ఓ పేరా అదనంగా రాస్తే అయ్యే ఖర్చు లేదు. అబ్లివియన్‌లో అందరూ గొంతుతో మాట్లాడతారు. ప్రతి ఇంటికీ, గుహకీ దారి చెప్పించాలంటే నటులు, స్టూడియో, మళ్లీ మిగతా భాషల్లో అనువాదం. పైగా అబ్లివియన్ జనం ఒకచోట నిలబడరు. పొద్దున దుకాణం, మధ్యాహ్నం భోజనం, రాత్రి ఇల్లు అంటూ తిరుగుతుంటారు. మారోవిండ్ మనుషులు చాలావరకు నిలుచున్నచోటే నిలుచుంటారు కాబట్టి ‘ఫలానా అంగడిలో ఉంటాడు’ అన్న మాట ఎప్పుడూ నిజమే. తిరిగే మనిషికి ఆ మాట చాలదు, బాణమే కావాలి. జనానికి ప్రాణం పోయడానికి చేసిన పనే ఊరిని చూడాల్సిన అవసరం లేకుండా చేసింది. లీనత కోసం ఒక చేత్తో పెట్టింది మరో చేత్తో తీసుకెళ్లిపోయింది.

ఈ చిక్కుని మొండిగా ఎదుర్కొన్న ఆట 2008 నాటి ‘ఫార్ క్రై 2’. పేరు లేని ఓ ఆఫ్రికా దేశంలో అంతర్యుద్ధం, మలేరియా పట్టిన కిరాయి హంతకుడు. ఇందులో మ్యాప్ అంటే చేతిలో విప్పిన కాగితం, పక్కన చిన్న జీపీఎస్ పరికరం. అది తీసినంత మాత్రాన ఆట ఆగదు. జీపు తోలుతూ మ్యాప్ ఎత్తితే అద్దంలో కొంతభాగం కాగితమే కనిపిస్తుంది. మలుపు ఎంత దూరముందో చూసుకునేలోపు ముందున్న చెక్‌పోస్టువాళ్లు తుపాకులు ఎత్తేస్తారు. కాగితం దించాలి, స్టీరింగ్ తిప్పాలి, దిగి దాక్కోవాలి. వజ్రాల పెట్టె దగ్గరపడుతున్నకొద్దీ చేతిలోని పరికరం మీద ఆకుపచ్చ లైటు వేగంగా మిణుకుతుంది. అంతకంటే చిన్నది, అంతకంటే తెలివైనది రోడ్డు పక్కనుండే బోర్డు: వెళ్లాల్సిన చోటికి దారితీసే పలక ఒక్కటీ ఎర్రగా మారుతుంది. మూలకి వెళ్లాల్సిన చూపు రోడ్డు మీదే ఉండిపోతుంది. ఇది మొదటి రకం గెలుపు. ఇక్కడ మ్యాప్ చూడటం ఉచితం కాదు, దానికి ఓ రెండు క్షణాల గుడ్డితనం మూల్యంగా చెల్లించాలి. ఆ మూల్యమే ఆ దేశాన్ని నిజం చేస్తుంది. క్లియర్ చేసిన చెక్‌పోస్టుల్లో మనుషులు మళ్లీ మళ్లీ మొలవడం ఆ ఆటకున్న పెద్ద శని, అది ఇంకో వ్యాసానికి సరిపడా తిట్లు తినగలదు.

దీనికంటే ముందే, 2002లో, ప్లేస్టేషన్ 2 మీద ‘ది గెటవే’ లండన్ నగరంలో ఏ మీటరూ, మ్యాపూ లేకుండా ఆడించే ప్రయత్నం చేసింది. కారు ఇండికేటరు ఎటు మిణికితే అటు తిరగాలి. దెబ్బలు తగిలితే కోటు మీద రక్తం, నడకలో కుంటుడు. గోడకి ఆనుకుని నిలబడితే కోలుకుంటాడు. ఆలోచన ముచ్చటైనది. కానీ పోలీసులు తరుముతుండగా కారు వెనక మిణుకుతున్న చిన్న లైటు మీద కన్నేసి ఉంచాలంటే అది మినీమ్యాప్ కంటే అన్యాయం. గుర్తు పేరు మారింది, చూపు మాత్రం ఒకచోటే ఇరుక్కుంది.

దిక్కు చెప్పడం వేరు, దారి చెప్పడం వేరు. ఈ తేడా పట్టుకున్న ఆటలే చూపుని తిరిగి లోకం మీదికి తెచ్చాయి. 2005 నాటి ‘షాడో ఆఫ్ ద కొలోసస్’లో ఎండలో కత్తి పైకెత్తితే కాంతి రేఖలు చెదురుగా పడి, రాక్షసుడున్న దిక్కుకి తిప్పగానే ఒక్కటవుతాయి. నీడలో కత్తి పనిచేయదు, కాబట్టి వెలుతురున్న చోటు వెతుక్కోవాలి. కాంతి దిక్కే చూపిస్తుంది. మధ్యలో లోయ ఉంటే దాన్ని ఎలా దాటాలన్నది గుర్రానికీ ఆటగాడికీ సంబంధించిన వ్యవహారం.

2020 జులైలో వచ్చిన ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ ఇదే ఆలోచనని గాలితో చేసింది. 1274లో మంగోలులు దిగిన జపాన్ ద్వీపం కథ. కంట్రోలర్ మధ్యనున్న టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి జరిపితే గాలి లేస్తుంది. ముందు చప్పుడు వస్తుంది, తర్వాత రెల్లుపూలు ఓవైపు వాలతాయి, ఆకులు, పూరేకులు ఆ దిక్కుకి కొట్టుకుపోతాయి. గాలి ఎటు వీస్తే అటు. నిజానికి ఇది మార్కరే, అంటే చేరాల్సిన చోటు చూపే గుర్తే. వెళ్లాల్సిన చోటు మ్యాప్‌లో ఎంచుకుంటేనే గాలి అటు వీస్తుంది, డబ్బా తెరిచి చూస్తే లోపల ఉన్నది అదే పాత బాణం. తేడా ఎక్కడుందంటే, దాన్ని చదవాలంటే గడ్డిని చూడాలి. గడ్డిని చూస్తే గడ్డి వెనకున్న గుడి కనిపిస్తుంది, గుడి దగ్గర నక్క కనిపిస్తుంది, నక్క వెంట వెళ్తే అసలు పని మర్చిపోవడం జరుగుతుంది. ఓపెన్ వరల్డ్ ఆట కోరుకునేది సరిగ్గా ఆ మర్చిపోవడాన్నే.

2017 నాటి జెల్డా ఆట ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ స్క్రీన్ అంత శుభ్రమేమీ కాదు. మినీమ్యాప్ ఉంది, చలి కొలిచే మీటరుంది, అడుగుల చప్పుడు చూపే గీత కూడా ఉంది. వాటిని దాచేసే ప్రో మోడ్ ఉన్నా, దాని అవసరం చాలామందికి రాలేదు. ఇందులో 15 టవర్లున్నాయి. అంతకుముందు ఆటల్లో టవర్ ఎక్కగానే మ్యాప్ నిండా గుర్తులు రాలిపడేవి. ఇక్కడ టవర్ ఎక్కితే కొండలు, నదుల గీతలే వస్తాయి. మిగతాది పైన నిలబడి, దుర్బిణితో చూసి, దూరంగా నారింజరంగులో మెరుస్తున్నదేదో కనిపిస్తే దాని మీద స్వయంగా గుర్తు పెట్టుకోవాలి. కిందికి దిగాక ఆ గుర్తు మినీమ్యాప్‌లో అచ్చం మిగతా ఆటల మార్కర్‌లాగే ఉంటుంది. చూడటానికి ఒకటే బొమ్మ. ఒకటి ఎవరో ఇచ్చిన పనిచీటీ, రెండోది తన కంటితో చూసి వేసుకున్న ముడి.

మరీ తీసేస్తే ఏమవుతుందో కూడా చూడాలి. 2022 ఫిబ్రవరిలో ‘ఎల్డెన్ రింగ్’ వచ్చింది. పనుల జాబితా లేదు, పైన ఓ సన్నని కంపాస్, పోరాటం లేనప్పుడు మీటర్లు వాటంతటవే మాయం. దూరంలో ఆకాశమంత బంగారు చెట్టు ఎటు నిలబడినా కనిపిస్తూ దిక్కుకి ఆనవాలుగా ఉంటుంది. నేలని వెతకడం విషయంలో అది చేసింది గొప్ప పని. మనుషులని వెతకడం దగ్గర బోల్తా పడింది. ఓ పాత్ర రెండు ముక్కలు మాట్లాడి, ఎక్కడికి పోతుందో సరిగా చెప్పకుండా మాయమవుతుంది. మళ్లీ ఎక్కడో మైళ్ల అవతల తేలుతుంది. ఆటగాళ్లు ఏం చేశారు? పక్కన ఫోన్ పెట్టుకుని, తోటి ఆటగాళ్లు వివరాలు రాసిపెట్టే వికీలు చదివారు. తెర మీంచి తీసేసిన మార్కర్ ఒళ్లో ఉన్న ఫోన్‌లో మొలిచింది. లోకంలోంచి బయటికి అంతగా లాగే పని ఏ బాణమూ చేయదు. ఆ మరుసటి నెలలోనే, 1.03 అప్‌డేట్‌లో, ఒకసారి కలిసిన పాత్ర గుర్తూ పేరూ మ్యాప్ మీద కనిపించేలా మార్చారు. ఓటమి ఒప్పుకున్నారని కొందరు వెక్కిరించారు కానీ, ఆ గుర్తు వల్ల ఫోన్ చూడటం తగ్గితే అది లీనతకి చేసిన మేలే.

ఇప్పుడు దాదాపు ప్రతి పెద్ద ఆటలోనూ సెట్టింగ్స్‌లో హెచ్‌యూడీ ఆపే వీలుంది. ఆపితే సరిపోతుందా అంటే, లోకానికి ఆ పని చేయడం వచ్చా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ‘ది విచర్ 3’లో మినీమ్యాప్ తీసేస్తే రోడ్ల కూడళ్లలో బోర్డులున్నాయి, కొంతదూరం లాగొచ్చు. కానీ పని చెప్పే పల్లెటూరివాడు ‘అడవిలో’ అంటాడు. ఏ అడవి, ఎటుపక్క? బాణం ఉంటుందన్న ధీమాతో రాసిన మాటలవి. 2022 డిసెంబరు అప్‌డేట్‌లో మధ్యేమార్గంగా, పోరాటంలోనో, ఆనవాళ్లని మెరిసేలా చూపే ‘విచర్ ఇంద్రియాల’ బటన్ నొక్కినప్పుడో తప్ప మినీమ్యాప్ దాగి ఉండే ఏర్పాటు చేశారు. వెలెన్ ఆకాశం చాలామందికి అప్పుడు తెలిసింది. ‘అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’ 2018లో ఇంకా కష్టపడింది. ఎక్స్‌ప్లొరేషన్ మోడ్ ఎంచుకుంటే బాణం బదులు ‘ఫలానా ప్రాంతానికి దక్షిణాన, ఫలానా గుడి దగ్గర’ అంటూ ఆనవాళ్లిస్తుంది, గద్దని పైకి పంపి వెతుక్కోవాలి. స్విచ్ వేసినంత సులువు కాదిది, ప్రతి పనికీ ఎవరో కూర్చుని ఆనవాళ్లు రాయాలి.

ఆ ఆనవాళ్లు ఏ భాషలో ఉంటాయన్న ప్రశ్నని ఈ చర్చల్లో సాధారణంగా ఎవరూ ఎత్తరు. ఇక్కడ పేరెత్తిన ఆటల్లో ఏ ఒక్కదానికీ అధికారికంగా తెలుగు లేదు. రెండువేల దశకంలో మన పట్టణాల నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి జీటీఏ ఆటల్లో ఒకటైన ‘వైస్ సిటీ’ ఆడిన పిల్లల్లో ఎంతోమందికి మిషన్‌కి ముందు పాత్రలు ఏం మాట్లాడుకున్నాయో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఆడారు. ఎడమవైపు కిందమూల రేడార్ మీద చుక్క, రోడ్డు మీద గులాబీరంగు వలయం, పైన పోలీసు నక్షత్రాలు. వాళ్లకి ఆ నగరంలోకి తలుపు తెరిచింది ఆ గుర్తులే. అదే పిల్లవాణ్ణి మారోవిండ్ ముందు కూర్చోబెడితే ఓడ దిగిన ఊరిలోనే ఉండిపోయేవాడు. మాటల మీద నడిచే ‘శుభ్రమైన’ స్క్రీన్ ఆ భాష వచ్చినవాడికే శుభ్రం. గాలికి, కత్తి మెరుపుకి, ఎర్రబడ్డ రోడ్డుబోర్డుకి అనువాదం అక్కర్లేదు. ఆ రకం డిజైన్ మీద మొగ్గు చూపడానికి కళాత్మక కారణాల కంటే ఇది గట్టి కారణం.

సబ్‌టైటిళ్ల బెడద దీనికి తోడు. 2018 నాటి ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’లో రేడార్‌ని ఆట మధ్యలోనే పెద్దది చేయొచ్చు, కంపాస్‌గా కుదించొచ్చు, పూర్తిగా ఆపేయొచ్చు. ఆపేసి కథానాయకుడు ఆర్థర్‌ని తోటివాళ్లతో గుర్రం మీద పంపితే మిగిలేది మంచు, అడవి, దారి. కానీ ఆ దారి పొడవునా వాళ్లు మాట్లాడుకుంటూ పోతారు. పాతకాలపు అమెరికన్ యాసని చెవితో పట్టుకోలేని ఆటగాడి చూపు కిందనున్న అక్షరాల మీద ఉంటుంది. మూల ఖాళీ అయింది, అడుగు నిండింది. ఇంకో వీలు ఉంది. చేరాల్సిన చోటు మ్యాప్‌లో పెట్టి సినిమాటిక్ కెమెరా బటన్ నొక్కి ఉంచితే, పైనా కిందా నల్లటి పట్టీలు వచ్చి, గుర్రం దానంతటదే దారి పట్టుకుని పోతుంది. అక్షరాలు చదువుకోవచ్చు, కొండల మీద దిగుతున్న పొద్దునీ తీరిగ్గా చూడొచ్చు. కళ్లు రెండూ లోకం మీదే. దారి మాత్రం గుర్రానికే తెలుసు.